కొలిచాకే ఇంజన్ విప్పండి

మారుతి 800 డాష్‌బోర్డులో నూనెడబ్బా బొమ్మతో ఒక ఎర్ర లైటు ఉంటుంది, ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని హెచ్చరించేది అదే. తాళం తిప్పగానే అది వెలగాలి, ఇంజన్ అందుకున్న రెండు మూడు క్షణాల్లో ఆరిపోవాలి. నడుస్తుండగా వెలిగితే బండి పక్కకు తీసి ఇంజన్ ఆపేయాలి. ఇంతవరకు బండి నడిపేవారందరికీ తెలుసు. ఆ లైటు ఒక్కటే చూసి "బేరింగులు పోయాయి, ఇంజన్ దించాలి" అని తేల్చేసే షెడ్లు మన వైపు చాలా ఉన్నాయి. ఈ వేసవిలో మా బండికీ అదే తీర్పు వచ్చింది. ఒక్క మీటరు కూడా పెట్టి చూడలేదు. కొలిచి చూస్తే సంగతి వేరుగా తేలింది. పాత బండ్లను ప్రేమగా కాపాడుకుంటున్నవాళ్లు మన జిల్లాల్లో ఇంకా ఎంతోమంది ఉన్నారు. వాళ్లకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది 1997 మోడల్, ఏపీ 36 నంబరు, కార్బురేటర్ బండి. నాన్న కాజీపేట డీజిల్ లోకో షెడ్డులో ఫిట్టర్‌గా ఉన్నప్పుడు కొన్నారు. ఆయనకు చూపు తగ్గాక బండి నా చేతికి వచ్చింది. నేను హనుమకొండలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. బండి ఎక్కువగా ఇంటి నుంచి కాలేజీకి, కాలేజీ నుంచి కూరగాయల మార్కెట్‌కు తిరుగుతుంది. దూరం పోయేది తక్కువ. ఈ విషయం తర్వాత పనికొస్తుంది.

మే నెలలో ములుగు వైపు వెళ్తూ గట్టమ్మ గుడి దగ్గర ఆగాం. మేడారం వెళ్లేవాళ్లంతా అక్కడ ఆగి మొక్కుకుని ముందుకు సాగుతారు కదా, నాకు ఏ పని మీద అటు వెళ్లినా అదే అలవాటు. హనుమకొండ నుంచి ఎండలో అంతసేపు నడిచిన ఇంజన్ బాగా కాగి ఉంది. బండి నిలిపి ఐడ్లింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఉంచగానే ఎర్ర లైటు మిణుకుమిణుకుమంది. యాక్సిలరేటర్ కాస్త తొక్కితే ఆరింది, వదిలితే మళ్లీ వెలిగింది. వెంటనే ఇంజన్ ఆపి నాన్నకు ఫోన్ చేశాను.

"ఆయిల్ లైటు మీద ఒక్క కిలోమీటరు కూడా నడపకు బిడ్డా. బండి ఎక్కించుకుని తీసుకురా" అన్నారు. లోకో షెడ్డులో పని చేసిన మనిషి మాట అది. రైలింజన్‌లో లూబ్ ఆయిల్ ప్రెషర్ ఒక హద్దు దాటి పడిపోతే ఇంజన్ దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. మన కారుకు అలాంటిదేమీ లేదు. ఎర్ర లైటు చూసి ఆపాల్సింది నడిపేవాళ్లే.

దగ్గరలోని ఒక షెడ్డు నుంచి మెకానిక్ వచ్చి ఆయిల్ మట్టం చూపే డిప్‌స్టిక్ తీసి చూశాడు. "ఆయిల్ నిండుగా ఉంది మేడం. నిండుగా ఉండి కూడా లైటు వస్తోందంటే బేరింగులే. ఇంజన్ దించాలి" అన్నాడు. అతను చూసింది నిజమే. ఆయిల్ నిండుగానే ఉంది, ఇంకా చెప్పాలంటే పై గీత కంటే ఒక వేలెడు పైకే ఉంది. అసలు ఆధారం అక్కడే ఉంది, అతను దాన్ని దాటిపోయాడు. డీసీఎం వ్యాన్ మాట్లాడుకుని బండిని హనుమకొండకు తెచ్చాను.

ఇక్కడ కాసేపు ఆగి, ప్రెషర్ అంటే ఏమిటో చెప్పుకోవాలి. అది తెలియకపోతే మిగతాదంతా గుడ్డి నమ్మకమే అవుతుంది.

ఆయిల్ పంపు ప్రెషర్‌ను తయారు చేస్తుందని చాలామంది అనుకుంటారు. పంపు చేసేది ఆయిల్‌ను నెట్టడం మాత్రమే. ఇంజన్ ఒక చుట్టు తిరిగితే ఇంత ఆయిల్ అని లెక్క ప్రకారం ముందుకు తోస్తుంది. ఆ ఆయిల్ బయటికి జారిపోవడానికి దారి ఎంత ఇరుకుగా ఉంటే అంత ప్రెషర్ నిలుస్తుంది. పొలంలో బోరు మోటారు కొత్తదే అయినా పైపుకు నాలుగు చోట్ల చిల్లులు పడితే చివరి మడికి నీళ్లు ఎక్కవు, మోటారును తిట్టి లాభం లేదు. ఇంజన్‌లో ఆ దారులు క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) చుట్టూ, పిస్టన్లను దానికి కలిపే కనెక్టింగ్ రాడ్ల చుట్టూ, వాల్వులు తెరిచే క్యామ్ చుట్టూ బేరింగుల్లో ఉండే సన్నని సందులు. మామూలుగా వాటి వెడల్పు మిల్లీమీటరులో వందో వంతుల్లో ఉంటుంది, 0.02 నుంచి 0.05 వరకు.

ఈ సందు విషయంలో ఒక లెక్క ఉంది. తరగతిలో చెప్పేటప్పుడు నాకు ఎప్పుడూ ఉత్సాహం వచ్చే లెక్క అది. సన్నని సందులోంచి జారే ద్రవం పరిమాణం ఆ సందు వెడల్పు ఘనాన్ని బట్టి ఉంటుంది. సందు రెట్టింపయితే, అదే ప్రెషర్ దగ్గర ఎనిమిది రెట్ల ఆయిల్ జారిపోతుంది. బేరింగు వెంట్రుకవాసి అరిగినా ఐడ్లింగ్‌లో ప్రెషర్ అంతలా పడిపోవడానికి కారణం ఇదే. రెండో సంగతి ఆయిల్ చిక్కదనం. ఆయిల్ సగం పలుచబడితే జారేది రెట్టింపవుతుంది. మనం వాడే 20డబ్ల్యూ40 ఆయిల్ 40 డిగ్రీల దగ్గర ఉన్న చిక్కదనంతో పోలిస్తే 100 డిగ్రీల దగ్గర దాదాపు పదో వంతుకు పడిపోతుంది. అందుకే పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఏ పాత ఇంజన్ అయినా ఆరోగ్యంగానే కనిపిస్తుంది.

అంటే ప్రెషర్ తగ్గడానికి మూడు దిక్కుల్లో వెతకాలి. జారే దారి పెద్దదయిందా, ఆయిల్ పలుచబడిందా, పంపుకు అందాల్సింది అందడం లేదా. బేరింగులు వీటిలో ఒక దిక్కు మాత్రమే. పైగా అన్నిటికంటే ఎక్కువ డబ్బు, ఎక్కువ పని అడిగే దిక్కు. అక్కడి నుంచి మొదలుపెట్టమని చెప్పేవాళ్ల మాట నేను వినను.

లైటు కూడా సాక్ష్యంగా చాలదు. దాని స్విచ్ లోపల ఒక పలుచని పొర, ఒక చిన్న స్ప్రింగు ఉంటాయి. ప్రెషర్ సుమారు 0.3 నుంచి 0.5 కిలోల మధ్యకు పడితేనే కాంటాక్టు కలిసి లైటు వెలుగుతుంది. మెకానిక్కులు కిలో అనేది చదరపు సెంటీమీటరుకు కిలో బలం, అంటే 14 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) కంటే కొంచెం ఎక్కువ. వేడెక్కిన ఇంజన్‌కు ప్రతి 1000 ఆర్‌పీఎంకు (నిమిషానికి 1000 చుట్లు) 10 పీఎస్ఐ ఉండాలన్నది పాత కాలం నుంచి వస్తున్న మోటు లెక్క. ఆ లెక్కన 3000 దగ్గర 2 కిలోలకు పైగా ఉండాలి, మంచి ఇంజన్లలో 3 దాటుతుంది. 3 నుంచి అరకిలో దాకా పడుతున్నంతసేపూ లైటు నోరు విప్పదు. ఒక్కోసారి ప్రెషర్ బాగానే ఉన్నా స్విచ్ చెడి వెలుగుతుంది.

స్విచ్‌ను చూడటం తేలిక. తాళం తిప్పి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా స్విచ్ మీది వైరు పీకాలి. లైటు ఆరిపోవాలి. ఆరకపోతే వైరు ఎక్కడో బాడీకి తగులుతోందని అర్థం. పీకిన వైరును ఇంజన్ బ్లాకుకు ఆనిస్తే లైటు వెలగాలి. వెలగకపోతే బల్బో వైరో పోయింది. అలాంటి బండిలో నిజంగా ప్రెషర్ పడిపోయినా మనకు తెలియదు, కాబట్టి అది ఇంకా ప్రమాదం. మా బండిలో వైరు, బల్బు రెండూ సరిగానే ఉన్నాయి.

నాన్నకు పాతికేళ్లుగా తెలిసిన మెకానిక్ ఒకాయన ఉన్నారు. మేమంతా చాచా అంటాం. ములుగు రోడ్డు వైపు చిన్న షెడ్డు. ఇంజన్ దించాలన్నారని చెబితే ఆయన బానెట్ తెరవకుండానే, "మీటరు పెట్టి చూశారా అమ్మా?" అని అడిగారు. అందుకే ఆయనంటే నాకు గౌరవం.

మీటరు అంటే చేత్తో పట్టుకునే ప్రెషర్ గేజి, ఒక గట్టి గొట్టం, చివర అడాప్టర్. స్విచ్ విప్పి ఆ రంధ్రంలో అడాప్టర్ బిగించాలి. ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. జపాన్ డిజైను బండ్లలో ఈ రంధ్రం ఎక్కువగా 1/8 అంగుళం బ్రిటిష్ టేపర్ మర ఉంటుంది, అంగుళానికి 28 చుట్లు. బజారులో దొరికే గేజి కిట్లలో చాలావాటికి అమెరికన్ మర ఉంటుంది, అంగుళానికి 27 చుట్లు. చేతిలో పెట్టుకుని చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. రెండు చుట్లు సాఫీగా ఎక్కి, మూడో చుట్టు దగ్గర బిగుస్తుంది. పట్టుబట్టి తిప్పితే బ్లాకులోని మర చెడుతుంది, లేదా బిగిసినట్టే ఉండి ఇంజన్ నడిచేటప్పుడు కారుతుంది. కాగిన ఆయిల్ ఎగ్జాస్ట్ గొట్టం మీద చిమ్మితే మంట లేస్తుంది. చాచా దగ్గరున్న అడాప్టర్ అమెరికన్ మరది. ఆయన దాన్ని రంధ్రం దగ్గరికి కూడా రానివ్వలేదు. విప్పిన స్విచ్‌ను పట్టుకుని వరంగల్ స్టేషన్ రోడ్డుకు వెళ్లి, దానికి సరిపోయే నట్టులో తిప్పి చూసి, అదే మర ఉన్న అడాప్టర్ తెచ్చాను. మీరూ అలాగే చేయండి. పేరు చెప్పి అడిగితే దుకాణంలో చేతికి అందింది ఇచ్చేస్తారు.

ఇంకో ఇబ్బంది ఉంది. మా బండికి ఆర్‌పీఎం మీటరు లేదు. ఏ ఆర్‌పీఎం దగ్గర ఎంత ప్రెషర్ అన్నది తెలియకపోతే కొలత సగమే. దీనికి ఫోన్ సరిపోయింది. శబ్దం పౌనఃపున్యం చూపించే యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. మూడు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంక్ రెండు చుట్లు తిరిగితే మూడుసార్లు పేలుడు జరుగుతుంది. 3000 ఆర్‌పీఎం అంటే సెకనుకు 50 చుట్లు, అంటే 75 పేలుళ్లు. సైలెన్సర్ దగ్గర ఫోన్ పెట్టి 75 హెర్ట్జ్ దగ్గర గీత లేచేదాకా రేసు ఇస్తే 3000 వచ్చినట్టు. 2000కు 50 హెర్ట్జ్. అయితే 50 దగ్గర కరెంటు హోరు కూడా ఉంటుంది, పక్క షెడ్డులో వెల్డింగ్ నడుస్తుంటే గీత అక్కడే నిలబడి మోసం చేస్తుంది. ఆ వెల్డింగ్ ఆగేదాకా ఆగాం.

మొదటి కొలత చల్లని ఇంజన్ మీద. ఐడ్లింగ్‌లో 2.8 కిలోలు. దీన్ని చూసి సంతోషించకూడదు. రేడియేటర్ ఫ్యాన్ తిరగగానే ఇంజన్ వేడెక్కిందని కూడా అనుకోకూడదు. నీళ్లు కాగినంత త్వరగా ఆయిల్ కాగదు. సూది 1 కిందికి పడకుండా కొంచెం రేసులో పెట్టి అరగంట నడిపాం. అప్పుడు ఐడ్లింగ్‌కు వదిలితే 0.4. అంటే లైటు నిజమే చెప్పింది. 2000 దగ్గర 1.3, 3000 దగ్గర 1.8.

చాచా పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను బ్లాకుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని విన్నారు. కనెక్టింగ్ రాడ్ కింది చివరి బిగ్ ఎండ్ బేరింగు పోతే రేసు ఇచ్చి వదిలినప్పుడు కిందినుంచి గట్టిగా కొట్టినట్టు వినిపిస్తుంది. క్రాంక్‌ను మోసే మెయిన్ బేరింగు పోతే ఇంకా బరువైన, లోతైన దెబ్బ. మాకు పైన టాపెట్ల టిక్కుటిక్కు తప్ప కింద ఏమీ వినిపించలేదు. వినడం ఒక్కటే చాలదు, కానీ బేరింగుల మీద అనుమానం కొంత తగ్గింది.

ఇప్పుడు ఆ వేలెడు ఎక్కువ ఆయిల్ సంగతి.

నాన్నకు బండి పుస్తకం రాసే అలవాటు ఉంది. ఆయిల్ మార్చిన తేదీ, కిలోమీటర్లు, నడుమ ఎంత కలిపాం, ఎంత పెట్రోలు పోశాం, అన్నీ అందులో ఉంటాయి. ఆయన చెబితే ఇప్పుడు నేను రాస్తాను. కొన్నేళ్లుగా ఈ ఇంజన్ కొద్ది కొద్దిగా ఆయిల్ తాగుతోంది, మార్పుకూ మార్పుకూ మధ్య అరలీటరు దాకా కలపడం మామూలు. ఉగాది తర్వాత కలిపినట్టు ఒక్క రాత కూడా లేదు. ఆయిల్ తాగే పాత ఇంజన్ ఉన్నట్టుండి తాగడం మానేస్తే అది మంచి కబురు కాదు. తగ్గిన చోటును ఇంకేదో నింపుతోందన్నమాట. అదే పుస్తకంలో పెట్రోలు లెక్క చూస్తే మైలేజీ కూడా పడిపోయి ఉంది.

నింపేవి రెండే ఉంటాయి, నీళ్లు లేదా పెట్రోలు. నీళ్లయితే ఆయిల్ పాలు కలిపిన చాయ్ రంగులోకి మారుతుంది, రేడియేటర్‌లో మట్టం తగ్గుతుంది. మా ఆయిల్ నల్లగానే ఉంది. డిప్‌స్టిక్ వాసన చూస్తే పెట్రోలు ఘాటు. నాన్నకు కళ్లు సరిగా కనిపించకపోయినా, డిప్‌స్టిక్ ముక్కు దగ్గర పెట్టుకుని, రెండు వేళ్ల మధ్య ఆయిల్ రుద్ది, "ఇందులో జిగురు లేదు" అన్నారు. తర్వాత లోకో షెడ్డు పద్ధతి చెప్పారు. అక్కడ లూబ్ ఆయిల్‌లో ఇంధనం కలిసిందా, నీళ్లు కలిశాయా అని క్రమం తప్పకుండా నమూనాలు తీసి పరీక్షిస్తారు. ఇంట్లో చేసుకోగలిగింది కాగితం పరీక్ష. కాలేజీ ల్యాబు నుంచి తెచ్చిన ఫిల్టర్ పేపర్ మీద మా ఆయిల్ ఒక చుక్క, పక్కన కొత్త 20డబ్ల్యూ40 ఒక చుక్క వేసి రాత్రంతా గాలి తగలని చోట ఉంచాను. తెల్లారి చూస్తే మా చుక్క మధ్యలో చిన్న నల్ల మచ్చ, దాని చుట్టూ ఎంతో దూరం పాకిన లేత వలయం. కొత్త ఆయిల్ చుక్క అంత దూరం వెళ్లలేదు. పలుచటిదే అంత దూరం పాకుతుంది. కొందరు ఆయిల్‌కు నిప్పు చూపించి పరీక్షిస్తారు. దయచేసి ఆ పని చేయకండి.

పెట్రోలు ఎక్కడి నుంచి వస్తుంది? కార్బురేటర్ మారుతిలో పెట్రోలును ట్యాంకు నుంచి లాగేది ఇంజన్ పక్కనే బిగించి ఉండే చిన్న పంపు. షెడ్లలో ఏసీ పంపు అంటారు. క్యామ్ దాని మీటను కొడుతుంటే లోపల రబ్బరు పొర పైకీ కిందికీ ఆడుతుంది. ఆ పొర ఒక వైపు పెట్రోలు, రెండో వైపు ఇంజన్. పొర చిట్లితే పెట్రోలు నేరుగా ఆయిల్‌లోకి దిగుతుంది. చాచా దాన్ని విప్పి, గొట్టంలో కొంచెం పెట్రోలు పట్టి, మీటను చేత్తో ఆడించారు. నాలుగైదుసార్లు ఆడించేసరికి మీట పక్కన తడి మెరిసింది. పొర అంచున గోటితో గీసినంత సన్నని చీలిక ఉంది, రబ్బరు బిరుసెక్కి ఉంది. 1997 నాటి రబ్బరు భాగాలు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలును దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. పాత బండ్లున్నవాళ్లు పెట్రోలు గొట్టాలను, ఈ పంపును ఏడాదికోసారైనా చూసుకోవాలి. మేం కాలేజీకీ ఇంటికీ తిప్పే చిన్న దూరాల్లో ఆయిల్ పూర్తిగా కాగదు. కాగితే కలిసిన పెట్రోలు కొంతైనా ఆవిరై పోయేది. అలా కాకుండా పోగుపడింది.

ఈ దశలో చిక్కటి ఆయిల్ పోసి ఉంటే ఏమయ్యేది? ఒకరిద్దరు ఆ సలహా ఇచ్చారు, డబ్బాల్లో వచ్చే చిక్కటి మందు కలపమని కూడా అన్నారు. లైటు ఆరిపోయేది, నేను నిశ్చింతగా నడిపేదాన్ని. పెట్రోలు మాత్రం దిగుతూనే ఉండేది. కొద్ది వారాల్లో ఆ చిక్కటి ఆయిల్ కూడా పలుచబడేది, ఈ లోపు బేరింగులు నిజంగానే పోయేవి. నిజంగా అరిగిన ఇంజన్‌లో, కొలిచి చూసుకుని, ఒక మెట్టు చిక్కటి ఆయిల్ వాడటాన్ని నేను కాదనను. కారణం తెలియకముందే పోయడం మాత్రం జబ్బును దాచిపెట్టడమే. ఇక డబ్ల్యూకు ముందుండే అంకె చలిలో స్టార్ట్ కావడానికి సంబంధించినది. మన ఊళ్లో వణికించే చలి అంటే 12, 13 డిగ్రీలు. మనకు లెక్కలోకి వచ్చేది కాగినప్పటి చిక్కదనం చెప్పే రెండో అంకే.

కొత్త ఏసీ పంపు, కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్ వేశాం. ఫిల్టర్ మూసుకుపోయి ప్రెషర్ తగ్గిందని కొందరు అంటారు గానీ, ఫిల్టర్ బిగుసుకుపోతే ఆయిల్ దాన్ని తప్పించుకుని వెళ్లేలా బైపాస్ వాల్వు ఉంటుంది. వేడి మీద మళ్లీ కొలిస్తే ఐడ్లింగ్‌లో 0.9. చాలా మెరుగు. చాలామంది ఇక్కడితో తృప్తిపడి బండి తీసుకెళ్లిపోతారు. కానీ 2000 దగ్గర 2.2కు ఎక్కిన సూది 3000 దగ్గర 2.5 దాటలేదు, పైగా వణకసాగింది.

ఆ వణుకు నన్ను కదలనివ్వలేదు. బేరింగు అరుగుదల ఎక్కువగా బయటపడేది కాగిన ఇంజన్ ఐడ్లింగ్‌లో. రేసు పెరిగేకొద్దీ పంపు ఎక్కువ ఆయిల్ తోసి ఆ లోటు పూడుస్తుంది. ఐడ్లింగ్ సరిగా ఉండి పైన ఆగిపోతోందంటే పంపుకు కావలసినంత ఆయిల్ అందడం లేదు, లేదా అదనపు ప్రెషర్‌ను వదిలేసే రిలీఫ్ వాల్వు తొందరపడి తెరుచుకుంటోంది. వాల్వు స్ప్రింగు మెత్తబడితే సూది ఒక చోట స్థిరంగా ఆగుతుంది. వణికితే గాలి కలుస్తోందేమో, పీల్చే వైపు అడ్డుందేమో చూడాలి. పంపు టైమింగ్ బెల్టు వెనుక ఉంటుంది, దాన్ని చేరాలంటే చాలా విప్పాలి. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ దించడం అంతకంటే చిన్న పని. చాచా, నేను ఇద్దరం చాంబర్ అన్నాం.

దించగానే కారణం కనిపించింది. చాంబర్ అడుగున ఆయిల్ పీల్చే గొట్టానికి ఒక జాలీ ఉంటుంది. ఆ జాలీకి బూడిదరంగు సిలికాన్ పోగులు అతుక్కుని ఉన్నాయి, కొన్ని సేమియాలంత సన్నగా, ఒకటి మాత్రం చిటికెన వేలి గోరంత ముక్క. దాదాపు మూడో వంతు మూసుకుపోయింది. కొన్నేళ్ల క్రితం ఆయిల్ కారుతోందని ఒక చోట చాంబర్ విప్పి బిగించారు. పాత గ్యాస్కెట్ గీకి శుభ్రం చేసే ఓపిక లేక ట్యూబులోని సిలికాన్ దట్టంగా పూశారు. బయటికి ఉబికింది కనిపిస్తుంది, తుడుస్తారు. లోపలికి ఉబికింది ఎవరికీ కనిపించదు, ఊడిపోయి జాలీలోకి చేరుతుంది. ఇలా చేసేవాళ్ల మీద నాకు నిజంగా కోపం. సన్నని గీతలా పూసి, ఆరే సమయం ఇచ్చి, సమంగా బిగిస్తే చాలే! ఒక్క పది నిమిషాల ఓపిక ఒక ఇంజన్‌ను కాపాడుతుంది.

చాంబర్ ఎలాగూ కింద ఉంది కాబట్టి బిగ్ ఎండ్ బేరింగులు కూడా కొలిచాం. దానికి ప్లాస్టిగేజ్ అనే మైనం లాంటి సన్నని దారం వస్తుంది. రాడ్ క్యాప్ విప్పి, ఆయిల్ పూర్తిగా తుడిచి, చిన్న ముక్క అడ్డంగా పెట్టి, టార్క్ రెంచితో సరిగ్గా బిగించి మళ్లీ విప్పాలి. నడుమ క్రాంక్ కదలకూడదు. నలిగిన దారం ఎంత వెడల్పయిందో ప్యాకెట్ మీది కొలబద్దతో పోల్చి చూస్తే సందు తెలుస్తుంది. ఎక్కువ నలిగితే సందు తక్కువ. మూడు రాడ్లలో రెండింటికి 0.05 దగ్గర, ఒకదానికి కొంచెం ఎక్కువ. ఇన్నేళ్ల ఇంజన్‌కు ఇది బాగున్నట్టే. బేరింగు రేకులైన షెల్స్ మీద లోతైన గీతలు లేవు. పెట్రోలు కలిసిన ఆయిల్ మీద ఇంకొన్ని నెలలు నడిచి ఉంటే ఇలా ఉండేవి కావు.

జాలీ కడిగి, చాంబర్ లోపల అంటుకున్న పోగులన్నీ ఏరి, గ్యాస్కెట్ వేసి బిగించాక వేడి మీద ఐడ్లింగ్‌లో 1.0, 2000 దగ్గర 2.3, 3000 దగ్గర 3.2. సూది వణకలేదు. నాన్నకు ఫోన్‌లో అంకెలు చెబితే "పుస్తకంలో రాయి, పక్కన ఎండ ఎంతో కూడా రాయి" అన్నారు. రాశాను, 43 డిగ్రీలు. అయిన ఖర్చు, ఇంజన్ దించడానికి మొదట అడిగిన దాంట్లో పదో వంతు కూడా లేదు.

మెయిన్ బేరింగులు కొలవలేదు. అవి సరిగా చూడాలంటే క్రాంక్ బరువు వాటి మీద పడకుండా ఇంజన్ కిందికి దించి తిరగేయాలి, ఇప్పుడున్న అంకెలకు ఆ అవసరం లేదు. స్విచ్ దగ్గర టీ జాయింటు వేయించి గేజిని బండిలోనే పెట్టించాను, ఎర్ర లైటు కూడా పని చేస్తుంది. కాగిన ఇంజన్ ఐడ్లింగ్‌లో 0.7 కిందికి వచ్చినా, 3000 దగ్గర 2.5 దాటకపోయినా ముందు డిప్‌స్టిక్ వాసన చూస్తాను, తర్వాత చాంబర్ చూస్తాను. ఆ రెండూ బాగుంటేనే ఇంజన్ దించి, క్రాంక్‌ను లేత్ షాపులో మైక్రోమీటరుతో కొలిపించి, కొత్త షెల్స్ వేయిస్తాం. ఏ సైజు షెల్స్ కావాలో ఆ కొలత వచ్చాకే కొనాలని చాచా చెప్పారు. అంతవరకు 20డబ్ల్యూ40 ఆయిలే, 5000 కిలోమీటర్లకు ఒకసారి మార్పు.